గీతలకి ముందు అరగంట

పిల్ల చేతి మీద తనే కోసుకున్న గీతలు కనపడ్డాక అమ్మానాన్నలు నా దగ్గరికొచ్చి అడిగే మొదటి మాట దాదాపు ఒకటే, "ఎందుకు చేసుకుంది మేడం, మేమేం తక్కువ చేశాం?" అని. ఆ వెంటనే రెండోది, "ఇంకోసారి చేసుకోకుండా ఏం చెప్పమంటారు?" నేను గుంటూరు వైపు జూనియర్ కాలేజీ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తుంటా, డాక్టర్ని కాదు, మందులు రాయను, కూర్చుని వినడమే ఎక్కువ నా పని. ఆ విన్నదాంట్లోంచే చెప్తున్నా, "ఎందుకు చేసుకున్నావ్" అంటే పదిహేనేళ్ల పిల్ల దగ్గర జవాబు ఉండదు. "ఏమో, తెలీదు" అంటుంది, అది విని నాన్నకి ఒళ్లు మండుతుంది, అమ్మ ఏడుపు మొదలుపెడుతుంది, ఇక ఆ రోజుకి మాటలు బంద్. అదే పిల్లని "దానికి ముందు ఒక అరగంట ఏం జరిగిందో చెప్తావా" అని అడిగి చూడండి, మెల్లిగా అయినా చెప్తుంది, ఎక్కడ కూర్చుంది, ఫోన్లో ఏం వచ్చింది, ఎవరేమన్నారు, కడుపులో ఎలా అనిపించింది, అన్నీ. మనకి కావాల్సిన విషయం మొత్తం ఆ అరగంటలో ఉంటుంది.

ముందు కొన్ని సంగతులు. తన ఒంటికి తనే కావాలని గాయం చేసుకోవడాన్ని సెల్ఫ్ హార్మ్ అంటున్నాం, కోసుకోవడం ఒక్కటే కాదు, గోడని గుద్దడం, తల కొట్టుకోవడం కూడా అందులోకే వస్తాయి. ఎక్కువమందికి 12 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది, అంటే ఏడో క్లాసు, ఎనిమిదో క్లాసు, మనం ఇంకా జడలు వేసి పంపించే వయసు. వేరే వేరే దేశాల్లో టీనేజ్ పిల్లల మీద చేసిన సర్వేలన్నీ కలిపి చూసినవాళ్లు, జీవితంలో ఒక్కసారైనా చేసుకున్నవాళ్లు సుమారు 17 శాతం అని తేల్చారు. మన కాలేజీకి అదే లెక్క అచ్చుగుద్దినట్టు వర్తిస్తుందని నేననను గానీ, "మా ఇంట్లోనే ఇలా ఎందుకు జరిగింది" అని కుమిలిపోయే వాళ్లకి ఈ అంకె ఒకసారి చెప్తా, అరవై మంది సెక్షన్లో పది మంది. మీ పిల్ల వింత పిల్లేం కాదు.

ఇక ఆ అరగంటలో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. భయం, అవమానం, కోపం, ఒంటరితనం, ఏదో ఒకటి ఒక్కసారిగా పైకొస్తుంది, పాలు పొంగినట్టు, పొయ్యి సిమ్ చేసే లోపే గిన్నె దాటిపోతుంది. పెద్దవాళ్లకి ఆ సిమ్ చేసే అలవాటు కొంచెమైనా ఉంటుంది, పిల్లలకి ఆ పని చేసే మెదడు ముందు భాగం ఇంకా తయారవుతూనే ఉంటుంది, ఇరవై దాటాక కొన్నేళ్లకి గానీ పూర్తవదు. ఎమోషన్ పుట్టించే భాగాలు మాత్రం ముందే ఫుల్ స్పీడులో ఉంటాయి. అలాంటప్పుడు ఒంటి నొప్పి మనసు నొప్పిని కాసేపు పక్కకి నెడుతుంది, అంతే దాని పని. ఆ కాసేపు అయ్యాక సిగ్గు, తప్పు చేశాననే భావం, ఎవరైనా చూస్తారేమోనన్న భయం వస్తాయి, ఆ మూడూ కలిసి మళ్లీ తర్వాతి పొంగుకి కట్టెలవుతాయి, అందుకే ఒకసారితో ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. కొందరు తమని తాము శిక్షించుకుంటున్నామంటారు, "నాకు ఇలాగే జరగాలి మేడం" అన్న పిల్లలున్నారు. ఇంకొందరైతే అసలు ఏమీ అనిపించడంలేదని, రాయిలా అయిపోయామని, ఏదో ఒకటి తెలియాలని చేసుకున్నామని చెప్తారు. అందరిదీ ఒకే కారణం అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇక్కడ ఒక మాట మీద నాకు బాగా కోపం, "అటెన్షన్ కోసం చేస్తోంది" అనే మాట. గుంటూరు ఎండ మీకు తెలుసుగా, మే నెలలో కరెంటు పోతే పిల్లలు బనియన్లతో తిరుగుతారు, అలాంటి ఊళ్లో ఒక పిల్ల ఫుల్ హ్యాండ్స్ టాప్ వేసుకుని మణికట్టు దగ్గర బటన్ కూడా పెట్టుకుని కూర్చుంటుంది. అటెన్షన్ కావాల్సిన పిల్ల ఇంత తంటాలు పడి దాచుకుంటుందా? దాచుకునే వాళ్లే ఎక్కువ. పోనీ ఎవరో ఒకరు చూడాలనే చేసుకుందనుకుందాం, నోటితో చెప్తే వినలేదనేగా చేత్తో చెప్పాల్సి వచ్చింది, అప్పుడు కూడా చూడాల్సిందే కదా. "బ్లాక్‌మెయిల్ చేస్తోంది" అనే నాన్నలకి కూడా ఇదే నా జవాబు.

ఒక అమ్మాయి సంగతి చెప్తా, ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తుంది. చదువులో మరీ టాప్ కాదు, మరీ వెనక కాదు. వాళ్లమ్మ దువ్వెన చేతిలో పట్టుకుని తల దువ్వుతుంటే పిల్ల మోచేతి లోపలి వైపు గీతలు కనపడ్డాయి. ఇంట్లో వాళ్ల లెక్కలో కారణం చదువు ప్రెషర్, కాబట్టి మందు కూడా రెడీ, "ఎంసెట్ వద్దులే, డిగ్రీ చదువుకో" అనేశారు. పిల్ల ఇంకా డీలా పడింది. నాతో మాట్లాడినప్పుడు నేను చదువు ఊసు ఎత్తలేదు, చివరిసారి జరిగిన రోజు ఏ వారం అని అడిగా. ఆదివారం. దానికి ముందోసారి? అదీ ఆదివారమే. సరే ఆదివారం సాయంత్రం నుంచి చెప్పమ్మా అన్నా.

చెప్పింది. వీకెండ్ టెస్ట్ ర్యాంకు నాన్న ఫోన్‌కి ఆదివారం రాత్రి మెసేజ్ వస్తుంది, అందరూ అన్నాలకి కూర్చునే టైముకి. నాన్న ఫోన్ తీసి చూస్తాడు. తిట్టడు, కొట్టడు, ఒక్క మాట కూడా అనడు. ఫోన్ బోర్లా పెట్టి, పెరుగన్నం కలుపుకోకుండానే చెయ్యి కడుక్కోడానికి లేస్తాడు. అమ్మ ఆ కంచం తీసే చప్పుడు కొంచెం గట్టిగా వస్తుంది. తమ్ముడు తల వంచుకుంటాడు. తర్వాత పది నిమిషాలకి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బాబాయి గారి అమ్మాయి ర్యాంకు ఫోటో, కింద పెద్దనాన్న "సూపర్ తల్లీ" అని. ఈ పిల్ల తన కంచం కడిగేసి గదిలోకి వెళ్తుంది. "మార్కులు తక్కువొచ్చాయని కాదు మేడం, నాన్న పెరుగన్నం తినకుండా లేస్తాడు చూడండి, అది" అంది.

వాళ్ల నాన్నకి ఇది చెప్పినప్పుడు (పిల్ల పర్మిషన్ తీసుకునే చెప్పా, అది ముఖ్యం) ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తిడితే పిల్ల బాధపడుతుందని కావాలనే నోరు కట్టేసుకుని లేచిపోయేవాడట పాపం. ఇందులో దుర్మార్గులెవరూ లేరు, అదే చూడండి. తర్వాత వాళ్లు చేసింది చాలా చిన్నది. కాలేజీకి చెప్పి ఆ మెసేజ్ అమ్మ నంబరుకి మార్పించారు, మార్కుల గురించి ఆదివారం రాత్రి ఎవరూ ఎత్తకూడదు, సోమవారం సాయంత్రం నాన్న బండి మీద తీసుకెళ్లి తీసుకొచ్చేటప్పుడు పిల్లే ముందు చెప్తుంది. ఫ్యామిలీ గ్రూపు మ్యూట్. ఆదివారం భోజనాలయ్యాక తమ్ముడితో కలిసి మేడ మీద ఒక గంట, చదువు లేదు, ఫోన్ లేదు. వెంటనే ఆగిపోయిందా అంటే లేదు, రెండో నెలలో మళ్లీ ఒకసారి జరిగింది, కానీ ఈసారి పొద్దున్నే తనే వెళ్లి వాళ్లమ్మకి చెప్పింది. నా లెక్కలో అది పెద్ద మార్పు. ఎంసెట్ సంగతా, రాస్తానంది, రాయనిచ్చారు.

ఈ ముందు అరగంట పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు. సెల్ఫ్ హార్మ్ విషయంలో ఎక్కువ ఆధారాలున్న చికిత్సల్లో డీబీటీ ఒకటి, డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అంటారు. అందులో చైన్ అనాలిసిస్ అని ఉంటుంది, గాయం దగ్గర మొదలుపెట్టి గొలుసులో లంకెలు వెనక్కి ఒక్కొక్కటీ పట్టుకుని వెళ్లడం, ఏ లంకె దగ్గర తెంపితే గొలుసు విడిపోతుందో చూడడం. దాన్ని తయారుచేసింది మార్షా లినెహాన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. ఆవిడ కథ నాకు చాలా ఇష్టం. 1961లో 17 ఏళ్ల వయసులో తీవ్రమైన సెల్ఫ్ హార్మ్ వల్ల ఆవిడే మానసిక ఆసుపత్రిలో పేషెంటుగా రెండేళ్లకి పైగా ఉంది. తర్వాత చదువుకుని, ప్రొఫెసర్ అయ్యి, తనలాంటి వాళ్లకి పనికొచ్చే థెరపీ తయారుచేసి, దాని ట్రయల్ ఫలితాలు 1991లో బయటికి తెచ్చింది. తను ఒకప్పటి పేషెంటునని లోకానికి చెప్పింది మాత్రం 2011లో, అదీ ఆ పాత ఆసుపత్రికే వెళ్లి. "ఇక దీని బతుకు ఇంతేనా" అని ఏడ్చే తల్లులకి నేను ఈవిడ సంగతి చెప్తా. టీనేజర్ల మీద నార్వేలో చేసిన ట్రయల్ 2014లో వచ్చింది, 19 వారాల డీబీటీ తీసుకున్న పిల్లల్లో సెల్ఫ్ హార్మ్ మామూలు చికిత్స తీసుకున్న వాళ్లకంటే ఎక్కువ తగ్గింది. అందులో అమ్మానాన్నలు కూడా పిల్లలతో కూర్చుని నేర్చుకుంటారు, అది గమనించండి.

సరే, మొదటిసారి మీ కంటపడిన రోజు ఏం చెయ్యాలి. గాయం ఫ్రెష్‌గా ఉంటే ముందు గాయం చూడండి, నీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ నొక్కిపెట్టి కట్టు కట్టండి, లోతుగా ఉన్నా, రక్తం ఆగకపోయినా, ఏదైనా మింగిందని అనుమానం ఉన్నా ఇంకేం ఆలోచించకుండా 108కి చెయ్యండి. కట్టు కట్టేటప్పుడు చేతులు వణుకుతాయి, వణకనివ్వండి, లెక్చర్ మాత్రం వద్దు. నిజం చెప్పాలంటే ఆ టైములో పిల్ల మీ నోటి మాటల కంటే మీ మొహం ఎక్కువ చూస్తుంది. "నొప్పిగా ఉందా బంగారం? నేను తిట్టను. ఇప్పుడు చెప్పాలనిపించకపోతే తర్వాత చెప్పు, నేనిక్కడే ఉన్నా." ఈపాటి మాటలు చాలు. అసలు మాట ఆ రోజు రాత్రే అయిపోవాలని లేదు. మర్నాడో, ఆ మర్నాడో, ఎదురెదురుగా కూర్చోబెట్టి కాకుండా చిక్కుళ్లు ఒలుస్తూనో, బండి మీద వెళ్తూనో, రోడ్డు పక్కన మిర్చిబజ్జీ తింటూనో అడిగితే మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది.

అడిగాక వాళ్లు చెప్పేది మనకి చిన్నదిగా అనిపిస్తుంది, ఇది గ్యారంటీ. ఫ్రెండు బ్లాక్ చేసిందనో, క్లాసులో సార్ వెక్కిరించాడనో, అక్క తన డ్రెస్ గురించి ఏదో అందనో. "దీనికేనా!" అన్న మాట పెదవి దాకా వస్తుంది, మింగెయ్యండి. "అంతమంది ముందు అలా అంటే ఎవరికైనా తల కొట్టేసినట్టే ఉంటుంది" అనండి. మీరు గాయాన్ని సమర్థించినట్టేం కాదు, బాధని ఒప్పుకున్నట్టు. రెండూ వేరు. ఆ తేడా పట్టుకున్న నాన్నలు సగం పని గెలిచినట్టే, నేను చూసినంతవరకు అమ్మలకంటే నాన్నలు ఈ విషయంలో ఒకసారి అర్థమైతే గట్టిగా నిలబడతారు, ఎందుకో మరి.

ఒట్టు వేయించుకోవద్దు. మన ఇళ్లల్లో ఇది మొదటి ఆయుధం, "నా మీద ఒట్టు, ఇంకోసారి చేస్తే నేను చచ్చినంత ఒట్టు" అని తల మీద చెయ్యి పెట్టించుకుంటారు. తర్వాత ఎప్పుడో ఆ పొంగు వచ్చి చేసుకుందనుకోండి, ఇప్పుడు పిల్లకి మామూలు సిగ్గుతో పాటు అమ్మ చావు కూడా నెత్తిన, ఇక ఎందుకు చెప్తుంది, ఇంకా లోపలికి దాస్తుంది. రోజూ చేతులు చూపించమని చెకింగ్ చేస్తే కూడా అంతే. ఫోన్ లాక్కోవడం, గది తలుపు పీకేయడం, స్నేహితురాలి ఇంటికి వెళ్లనివ్వకపోవడం, వీటితో పిల్లకి ఉన్న ఒక్క ఊపిరి కూడా ఆపుతాం. ఫోన్లో నిజంగా అలాంటి వీడియోలు, గ్రూపులు ఉంటే కలిసి కూర్చుని తీసెయ్యండి. ఇక గుడికి తీసుకెళ్తాం, తాయెత్తు కట్టిస్తాం, దిష్టి తీయిస్తాం అంటారా, అమ్మమ్మ మనసు కుదుటపడుతుందంటే దిష్టి తీయనివ్వండి నాకేం అభ్యంతరం లేదు, పిల్ల ఒప్పుకుంటే. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం ఆ పేరు చెప్పి వాయిదా వెయ్యకండి, పిల్లకి "గాలి సోకింది" అని దాని ముందే అనకండి.

అబ్బాయిల గురించి ఎవరూ అడగరు నన్ను. గోడ గుద్దీ గుద్దీ వేళ్ల కణుపులు వాచిపోయి వస్తాడు తొమ్మిదో క్లాసు వాడు, "వీడికి కోపం ఎక్కువండీ, తాతయ్య పోలిక" అని ఇంట్లో నవ్వేసుకుంటారు. ఒక్కసారి ఆ గుద్దడానికి ముందు అరగంట అడిగి చూడండి. హాస్టల్లో వాడిని నెలల తరబడి ఎవరో ఏడిపిస్తున్నారని అలాగే బయటపడింది ఒకచోట. మగపిల్లాడు ఏడవకూడదంటే ఇంకేం చేస్తాడు వాడు.

ఇప్పుడు అందరూ తప్పించుకునే ప్రశ్న. సెల్ఫ్ హార్మ్ చేసుకునే పిల్లలందరూ చావాలనుకోరు నిజమే, కానీ చేసుకునే పిల్లల్లో ముందుముందు ఆ ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ, ఇదీ నిజమే. అందుకని అడగాలి. డొంకతిరుగుడు లేకుండా, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా? ఎలా అని కూడా ఆలోచించావా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, పుట్టదు, ఈ విషయం మీద చేసిన పరిశోధనలు కూడా అదే చెప్తున్నాయి, చాలామంది పిల్లలు ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే, పిల్లని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు వస్తున్నా, చాలా రోజుల దిగులు తర్వాత ఉన్నట్టుండి విచిత్రంగా ప్రశాంతంగా అయిపోయినా అడగడానికి రేపటిదాకా ఆగొద్దు.

దీంతో పాటే ఇల్లు. పల్లెల్లో పురుగుమందు డబ్బాలు గేదెల పాకలోనో, మెట్ల కిందో ఉంటాయి, వాటిని ఇంట్లోంచే తీసేయండి, పొలం దగ్గర తాళం వేసే చోట పెట్టండి, కుదరకపోతే వేరే వాళ్ల దగ్గర. నానమ్మ బీపీ, షుగర్ మాత్రలు, నిద్రమాత్రలు, మిగిలిపోయిన పాత మందులు అన్నీ బీరువాలో తాళం. పదునైనవి కూడా అందుబాటులో లేకుండా. ఇదంతా దొంగతనంగా చెయ్యక్కర్లేదు, "కొన్నాళ్లు ఇవి నేను దగ్గర పెట్టుకుంటానమ్మా, నీ మీద నమ్మకం లేక కాదు, ఆ పొంగొచ్చిన టైములో నీకు కొంచెం సేపు దొరకాలని" అని చెప్పి చెయ్యొచ్చు. ఆ తాపం ఎక్కువసేపు ఉండదు, కాసేపు దాటిస్తే దిగుతుంది, ఆ కాసేపట్లో ఏం చెయ్యాలో పిల్లతోనే రాయించండి, మొహం మీద చల్లటి నీళ్లు కొట్టుకోవడం, మేడ ఎక్కి దిగడం, తమ్ముడి దగ్గరికొచ్చి ఊరికే కూర్చోవడం, పిన్నికి ఫోన్. నోటితో చెప్పలేని పిల్లలకి ఒక గుర్తు పెట్టుకోండి, ఒక ఇంట్లో అయితే అమ్మకి వాట్సాప్‌లో గొడుగు బొమ్మ పంపితే చాలు, అమ్మ ఏ పనిలో ఉన్నా వచ్చి పక్కన కూర్చుంటుంది, ప్రశ్నల్లేవ్.

డాక్టర్ దగ్గరికి అంటే ఇంకో గోల. హైదరాబాద్ వాళ్లకి ఎర్రగడ్డ అంటే జోకు, "వీడిని ఎర్రగడ్డలో వెయ్యాలి" అని ఎన్నిసార్లు అనుంటామో, ఆ జోకులు విని పెరిగిన పిల్లకి సైకియాట్రిస్టు దగ్గరికి పోదాం అంటే ఎలా ఉంటుంది? ఎర్రగడ్డలోనూ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ మామూలు ఓపీ ఉంటుంది, చూపించుకుని ఇంటికొచ్చేస్తారు, ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, అక్కడికీ వెళ్లొచ్చు. ఎక్కడికీ వెళ్లే ధైర్యం లేకపోతే ముందు ఫోన్. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, ఇరవైనాలుగు గంటలూ, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, పిల్లలూ చెయ్యొచ్చు, పిల్ల గురించి మీరూ చెయ్యొచ్చు. ఇంట్లోనో హాస్టల్లోనో ఎవరైనా పిల్లని హింసిస్తున్నారని, చెయ్యకూడని చోట చెయ్యి వేస్తున్నారని తెలిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. కొన్నిసార్లు ఆ అరగంట అడిగితే బయటపడేది ఇదే, బంధువుల పేరు కూడా రావచ్చు, అప్పుడు పరువు లెక్క పక్కన పెట్టి పిల్ల పక్కన నిలబడాలి. పోలీసు కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లని వాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అలా లేదు. మీ పిల్ల చావాలని చేసుకున్నా, చేసుకోకపోయినా, కేసు భయమెందుకు ఇంక.

సెల్ఫ్ హార్మ్‌కని ప్రత్యేకంగా మాత్ర ఏదీ లేదు. వెనకాల డిప్రెషనో, యాంగ్జైటీనో ఉంటే డాక్టరు దానికి రాస్తారు, మొదలుపెట్టిన మొదటి వారాల్లో పిల్లని కొంచెం ఎక్కువ కనిపెట్టుకుని ఉండండి, చిరాకు, కంగారు పెరిగినట్టు అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. డీబీటీ చేసేవాళ్లు మన ఊళ్లల్లో తక్కువే, దొరక్కపోతే పిల్లలతో మాట్లాడడం తెలిసిన సైకాలజిస్టు ఎవరైనా మేలే. రెండు సిట్టింగులకి "ఏం లాభం లేదు" అని మానేయకండి, ఇది నెలల పని.

కాలేజీల సంగతి ఎత్తకుండా ఎలా. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2025 జూలై 25న తీర్పు ఇస్తూ కోర్టు దేశంలో విద్యాసంస్థలన్నిటికీ గైడ్‌లైన్స్ పెట్టింది. వంద మంది, ఆ పైన పిల్లలుంటే కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిలో పరువు తీయడం వీలైనంతవరకు మానాలి, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనపడేలా పెట్టాలి. ఫీజు కట్టేటప్పుడు ఏసీ ఉందా, ఔటింగ్ ఎప్పుడు అని అడుగుతాం కదా, కౌన్సెలర్ పేరేంటి, ఏ రోజు వస్తారు అని కూడా అడగండి. మొహాలు చూసుకుంటారు కొన్నిచోట్ల, చూసుకోనివ్వండి, పది మంది అడిగితే పెడతారు. పిల్ల విషయం కాలేజీలో చెప్పాల్సి వస్తే ఒక్కరికే చెప్పండి, పిల్లకి ఎవరంటే నమ్మకమో ఆ ఒక్కరికి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచి కూడా మెయిల్స్ వస్తుంటాయి, అక్కడ స్కూల్ కౌన్సెలరే ఫోన్ చేసి చెప్పేసరికి అమ్మానాన్నలకి ముందు "మన మీద కేసు పెడతారేమో" అనే భయం, తర్వాత "ఇండియా పంపించేద్దామా" అనే ఆలోచన. కౌన్సెలర్ మీ పిల్ల తరఫు మనిషి, కలిసి పని చెయ్యండి. అక్కడ హెల్ప్‌లైన్ నంబరు 988, ఫోనూ మెసేజూ రెండూ పనిచేస్తాయి. పిల్లని తీసుకొచ్చి తాతయ్య ఇంట్లో పడేసినంత మాత్రాన ఆ అరగంటలో ఉన్నది తీరిపోదు.

ఇంట్లో చిన్నవాళ్లుంటే వాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి, వాళ్లకి తెలీదనుకుంటాం గానీ అన్నీ చూస్తుంటారు. "అక్కకి మనసు బాలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, నీ తప్పేం లేదు, కాపలా కాసే పని కూడా నీది కాదు" అని చెప్తే చాలు. అమ్మలూ, మీరు కూడా ఎవరో ఒకరితో మాట్లాడండి, అక్కో, స్నేహితురాలో, ఒక్కరు, కడుపులో పెట్టుకునే మనిషి అయ్యుండాలి. అపార్ట్‌మెంట్ కిట్టీ పార్టీ గ్రూపులో మాత్రం కాదు.

చివరిగా పెళ్లిళ్లు. నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది మాఘమాసంలో, శ్రావణంలో, "హాఫ్ హ్యాండ్స్ జాకెట్ వేసుకోనంటోంది మేడం, ఏం చెయ్యాలి" అని. వేసుకోకపోతే మానె, ఎల్బో హ్యాండ్స్ కుట్టించండి, ఇప్పుడు ఫ్యాషన్ కూడా. మచ్చలు కనపడి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో బయల్దేరే ముందే పిల్లని అడిగి పెట్టుకోండి, అబద్ధం చెప్తుందో, "పాత దెబ్బలు అత్తయ్యా" అంటుందో, ఏమీ అననంటుందో, అది తన ఇష్టం, మీరంతా అదే మాట మీద ఉండండి. అయినా ఎవరో ఒక పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి తిప్పి "ఏంటే ఇవి" అంటుంది. అప్పుడు మధ్యలోకి వెళ్లి "అక్కా, ఆ గాజులెక్కడ కొన్నావ్" అని మాట మార్చే పని మీది, పిల్లది కాదు.